జంట ఓక్ దాకా అనుమతి

లువెల్లా స్టీనర్ జన్మలో చేసిన నేరం ఒక్కటే. కాకపోతే దాన్ని ఇరవై రెండు సార్లు చేసింది, అదీ సంతకం పెట్టి మరీ.

ప్రతి ఏడూ నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన ఆదివారం, మధ్యాహ్నం రెండు దాటాక, హోబర్ట్ టెనెంట్ పాత ట్రక్కు వెస్ట్ వర్జీనియా ఒడ్డున బయల్దేరి, నది మీది వంతెన దాటి, ఒహాయోలో ఆమె ఇంటి ముందు ఆగుతుంది. ఆయన దిగి, బూట్లు రెండూ మెట్టు మీద రాసి, టోపీ తీసి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి బయటికి తీస్తాడు. ఒహాయోలో ఒకరి నేల మీద తుపాకీ పట్టుకుని జింక కోసం కూర్చోవాలంటే ఆ నేల గలవాళ్ళు రాసి ఇవ్వాలి. నోటి మాట చెల్లదు. కాగితం అడుగున "యజమాని సంతకం" అని ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద లువెల్లా తన పేరు గుండ్రంగా, బడిపిల్లలా రాస్తుంది. మర్నాడు తెల్లవారకముందే హోబర్ట్ నారింజ రంగు కోటు వేసుకుని, ఆమె కొట్టం వెనక కంచె దాటి అడవిలోకి వెళ్తాడు.

ఆ అడవి లువెల్లాది కాదు.

కంచె దాకా ఆమెది. కంచె అవతల నలభై ఎకరాలూ క్లెటస్ బర్క్‌హార్ట్‌వి. లువెల్లా భర్త కార్ల్ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. కంచెని క్లెటస్ తండ్రి తప్పుచోట వేశాడనీ, అసలు హద్దురాయి ఇంకా ఎనభై అంగలు లోపల, జంట ఓక్ చెట్టుకి అవతల ఉందనీ వాదించేవాడు. ఆ రాయి ఏదిరా చూపించు అంటే చూపించలేకపోయాడు. ఒక వేసవిలో చర్చి విందులో, బంగాళదుంపల సలాడ్ గిన్నెకి అటొకరూ ఇటొకరూ నిలబడి, ఊరంతా వింటుండగా కార్ల్, క్లెటస్ ఒకర్నొకరు అబద్ధాలకోరని తిట్టుకున్నారు. మరుసటి ఏడు కార్ల్ పోయాడు. ఆ విందు రోజు నుంచీ లువెల్లా క్లెటస్‌తో మాట్లాడలేదు. చర్చిలో అతను ముందు వరసలో కూర్చుంటే ఈవిడ వెనక వరసకి పోయేది. అతను వెనక్కి మారితే ఈవిడ ముందుకి వచ్చేది. పాస్టరు గారు ఎవరు ఎటు పోతారో చూసి మరీ ప్రార్థన మొదలుపెట్టేవాడు.

కార్ల్ పోయిన ఏడాది నవంబరులో హోబర్ట్ మొదటిసారి తలుపు తట్టాడు. అప్పటికి రెండు నెలలుగా ఆ తలుపు తట్టినవాళ్ళంతా, పరామర్శకి వంటలు తెచ్చిన తమ గిన్నెలు తిరిగి పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళే.

"అమ్మగారూ, మీ కొట్టం వెనక కంచెకి 'వేట నిషేధం' బోర్డులు చూశానండీ," అన్నాడు టోపీ చేత్తో పట్టుకుని. "బోర్డు పెట్టినవాళ్ళని అడగడం మర్యాద గదా అని వచ్చాను. ఆ బోర్డులు మీవేనా?"

ఆ బోర్డులు క్లెటస్‌వి. ఆ ముక్క చెప్పడానికి లువెల్లా నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా ఉన్న మనిషి చేతులు ఖాళీగా ఉన్నాయి. తుపాకీ ఏదని అడిగింది.

"ట్రక్కులో, సంచీలో ఉందండీ. పరాయి గడప ముందుకి తుపాకీతో వస్తే అడిగినట్టుండదు, బెదిరించినట్టుంటుంది."

లువెల్లాకి ఆ మాట నచ్చింది. బోర్డులు మావే, లోపలికి రండి, చలిగా ఉంది, అంది. కాఫీ పోసింది. కాగితం మీద "యజమాని" అన్న మాట చూడగానే కార్ల్ గుర్తొచ్చాడు. ఉంటే ఈ సంతకం తనే పెట్టేవాడు, అదీ కాగితం చిరిగేలా. ఆయన బదులు నేను పెడితే తప్పేంటి అనుకుంది. ఒక్కసారికేగా అని కూడా అనుకుంది. ప్రపంచంలో ఇరవై రెండు సార్లు చేసే పనులన్నీ అలాగే మొదలవుతాయి.

అప్పటి నుంచీ అదో ఆనవాయితీ అయింది. ఆదివారం కాఫీ, హికరీ గింజల కేకు. సోమవారం మధ్యాహ్నం పంది ఎముక వేసి ఉడికించిన చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె. జింక దొరికితే మంగళవారం ఆమె గుమ్మంలో మెత్తటి మాంసం పొట్లం. మొదట్లో హోబర్ట్ భార్య ఊరబెట్టిన బీట్‌రూట్ సీసా పంపేది. ఐదేళ్ళ కిందట ఆవిడ పోయింది. ఆ తర్వాత సీసా రావడం ఆగింది, హోబర్ట్ రెండో కప్పు కాఫీ తాగడం మొదలైంది. మనిషి మాత్రం మర్యాద తప్పలేదు. తలుపు పక్కన మేకు ఒకటి ఖాళీగానే ఉన్నా, టోపీ మోకాలి మీద పెట్టుకునే కూర్చునేవాడు. ఆ మేకు కార్ల్‌ది.

ఏడాదికి మూడు రోజులు. డెబ్బై ఒకటో ఏట లువెల్లా మిగతా మూడొందల అరవై రెండు రోజుల్ని ఆ మూడింటికి అటో ఇటో లెక్కపెట్టుకునేది. ఆ మాట ఆమెని అడిగితే మాత్రం చీపురు తిరగేస్తుంది.

ఈ ఏడు శుక్రవారం పొద్దున్నే ఫెర్న్ ఫోన్ చేసింది. ఫెర్న్, లువెల్లా ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు.

"ఏమే, నీ వెస్ట్ వర్జీనియా పెద్దమనిషి ఈసారి కూడా వస్తున్నాడా?"

"నా పెద్దమనిషేంటే? ఆయన జింక కోసం వస్తాడు."

"ఐదేళ్ళుగా ఆ జింకేదో నీ వంటింట్లోనే తిరుగుతున్నట్టుంది మరి!" ఫెర్న్ తన జోకుకి తనే నవ్వుకుంది. "సర్లే, విను. వేటగాళ్ళని తనిఖీ చేసే కొత్త వార్డెనమ్మ దిగింది. చూడ్డానికి నిన్నగాక మొన్న బడి మానేసిన పిల్లలా ఉంటుందిట గానీ మహా నిక్కచ్చిట. అడవిలో కనబడ్డ ప్రతివాడి చీటీ అడుగుతోంది. ఫోన్లో ఏ నేల ఎవరిదో పేర్లతో సహా ఉందిట దానికి. పోయిన వారం నది అవతలాయన ఒకడు వేరేవాళ్ళ సంతకంతో దొరికితే, తుపాకీ లాగేసుకుని కోర్టుకి రమ్మందిట."

"తుపాకీ లాక్కుందా?"

"ఆఁ. తాతలనాటిదని కాళ్ళావేళ్ళా పడ్డాడుట పాపం. అయినా నీకేం భయం, చీటీ ఇచ్చేది నువ్వేగా. అవునూ, ఇంతకీ ఏ నేలకి ఇస్తావే చీటీ? నీకున్నది కూరగాయల మడేగా?"

"పాలు పొంగుతున్నాయే, ఉంటా," అని లువెల్లా ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద పాలు లేవు, నీళ్ళూ లేవు.

కుర్చీలో కూలబడింది. హోబర్ట్ తుపాకీ వాళ్ళ నాన్నది. ఒంటిగొట్టపు పాతకాలం తుపాకీ. నాన్న చెంప ఆనించీ ఆనించీ పాలిష్ పోయిన చోటు ఒకటి కర్ర మీద ఉంటుంది. దాన్ని తుడుస్తున్నప్పుడు హోబర్ట్ ఆ చోట గుడ్డ గట్టిగా నొక్కడు. ఇప్పుడు తన గుండ్రటి సంతకం వల్ల ఆ తుపాకీ పోతుంది. దాంతోబాటు మనిషీ పోతాడు. ఇరవై రెండేళ్ళుగా మోసం చేసిన ఆడదాని ఇంటికి కేకు తినడానికి ఏ మగాడు మళ్ళీ వంతెన దాటి వస్తాడు?

మిగిలిన దారి ఒకటే. చీటీ మీద అసలు యజమాని చేత సంతకం పెట్టించడం. అంటే క్లెటస్ గడప తొక్కడం. ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచీ లువెల్లాకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. రాత్రి పడుకునేలోపు తొమ్మిది సార్లు వద్దనుకుంది. శనివారం పొద్దున లేచి, ఆపిల్ ముక్కలు కూరి కాల్చే 'పై' ఒకటి చేసింది. ఇరవై మూడేళ్ళు మాట్లాడని మనిషి ఇంటికి ఉత్త చేతులతో పోవడం ఆమె వల్ల కాలేదు. ఆ కొండల్లో ఎవరి వల్లా కాదు.

క్లెటస్ వరండాలో కుక్క పక్కన కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళు, భుజాల మీంచి వేలాడే పట్టీల ప్యాంటు, రెండు రోజుల గడ్డం. ఆమె ట్రక్కు దిగడం చూసి లేవలేదు గానీ, ఊగుతున్న కుర్చీ ఆగిపోయింది.

"ఏం లువెల్లా, దారి తప్పావా?"

"తప్పలేదు. పని మీద వచ్చాను."

"పై కూడా పని మీదే వచ్చిందా?"

"అది వేడిగా ఉంది. ఎక్కడైనా పెట్టనిస్తావా, చెయ్యి కాల్చుకోమంటావా?"

క్లెటస్ బల్ల మీద పాత పేపర్లు చేత్తో తోసేశాడు. పై అక్కడ పెట్టి, లువెల్లా నిలబడే సంగతి చెప్పింది. చెప్పడం అంటే సగం మింగి సగం చెప్పింది. తనకి తెలిసిన ఒకాయన, మంచివాడు, ఏటా వస్తాడు, చీటీ కావాలి.

"నారింజ కోటాయనేనా? జంట ఓక్‌కి వీపు ఆనించి కూర్చుంటాడు?"

"నీకు తెలుసా?" అంది లువెల్లా.

"నాకు శుక్లాలు వచ్చింది మొన్నేగా. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. తొమ్మిదింటికి ఓసారి శాండ్‌విచ్ తింటాడు. మధ్యాహ్నం నీ ఇంటికేసి నడుస్తాడు. ఆ నడకలో ఉన్న హుషారు జింక కోసం నడిచేటప్పుడు ఉండదు."

"మరి తెలిసి ఎందుకు ఊరుకున్నావు? ఎవరికైనా చెప్పొచ్చుగా?"

క్లెటస్ కుక్క చెవి వెనక గోకాడు. గోకినకొద్దీ అతని మెడ ఎర్రబడింది. ఆ తర్వాత చెయ్యి చాపి, చీటీ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"యజమాని సంతకం," అన్నాడు సాగదీసి. "ఇక్కడ నేను రాస్తే ఆ ఓక్ నాదేనని నువ్వు ఒప్పుకున్నట్టేగా మరి?"

"కార్ల్ అబద్ధాలకోరని నా నోటితో చెప్పించాలనా?"

"అబ్బే, నేనా మాట అన్నానా? కూర్చో ముందు. అసలు సంగతేంటంటే, ఆ రాయి—"

"రాయి మాటెత్తకు! ఆ రాయి బెంగతోనే పోయాడు మనిషి."

చీటీ అతని చేతిలోంచి లాక్కుంది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, బల్ల మీది పై కూడా తీసుకుంది.

"లువెల్లా! మాట వినవేం! పోనీ పై అయినా వదిలెళ్ళు!"

ఆమె వినలేదు. పక్క సీటులో పై పెట్టుకుని ఇల్లు చేరేదాకా ఏడ్చింది. కార్ల్‌ని తప్పన్నందుకు కాదు, సంతకానికి అంత దగ్గర దాకా వచ్చి చేతులారా పాడు చేసుకున్నందుకు. తన కోపం మీద తనకే ఒళ్ళు మండింది. పై మాత్రం ముట్టుకోలేదు.

ఆదివారం రెండూ పదికి ట్రక్కు ఆగింది. హోబర్ట్ క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి మడత నలగకుండా ఎలా కూర్చుని నడిపాడో ఏమో. కాఫీ పోయించుకోవడానికి తెచ్చిన ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మావైపు తుపాకీతో తిరగాలంటే ఇంట్లో ఆవిడ సరేనంటే చాలండీ," అన్నాడు కాగితం విప్పుతూ. ఏటా అనే మాటే. "మీ ఒహాయోలోనే ఇన్ని సంతకాలు."

ఏటా ఆమె దానికి నవ్వేది. ఈసారి నవ్వలేదు. కలం పట్టుకుంది. "యజమాని" అన్న గీత చూసింది. కలం పక్కన పెట్టేసింది.

"హోబర్ట్ గారూ, ఆ అడవి నాది కాదు."

"ఏ అడవండీ?"

"మీరు కూర్చునేది."

ఆయన ముందు నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగాడు. "బోర్డులు మీవేనన్నారుగా."

"అన్నాను. కాదు. క్లెటస్ బర్క్‌హార్ట్‌వి."

"ఈ మధ్య అమ్మేశారా?"

"ఎప్పుడూ నావి కావు. మొదటి ఏడు నుంచీ కావు."

హోబర్ట్ చేతిలోని ఫోర్కు నెమ్మదిగా కేకు పక్కన పెట్టాడు.

"అమ్మగారూ, మా నాన్న నాకిచ్చినవి రెండే. ఒకటి ఆ తుపాకీ. రెండోది, అడక్కుండా ఎవరి నేల మీదా కాలు పెట్టొద్దని చెప్పిన మాట. డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి. ఒక్కసారి తప్పలేదని అనుకుంటున్నా ఇన్నాళ్ళూ." ఆయన గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే లువెల్లాకి కాస్త తేలిగ్గా ఉండేది. "ఇరవై రెండేళ్ళు నేను దొంగలా కూర్చున్నానన్నమాట."

"దొంగ మీరు కాదు. నేను."

"ఎందుకు చేశారండీ?"

చెప్పడానికి కంచె కథ ఉంది, హద్దురాయి కథ ఉంది, సలాడ్ గిన్నె కథ ఉంది. అవన్నీ నాలుక మీదికొచ్చాయి.

"మొదటి ఏడు కార్ల్ మీద ప్రేమకొద్దీ పెట్టాను," అంది. "తర్వాతవన్నీ, పెట్టకపోతే మీరు మళ్ళీ రారని పెట్టాను."

హోబర్ట్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. ట్రక్కు కదిలిన చప్పుడు వినబడింది. ఎటు తిరిగిందో చూడటానికి కిటికీ దాకా పోయే ధైర్యం ఆమెకి లేకపోయింది. ఎటు తిరుగుతుంది, వంతెన వైపే.

కేకు ముక్క సగం మిగిలింది. ఫ్లాస్కు బల్ల మీదే ఉండిపోయింది. లువెల్లా కడిగిన కప్పుల్నే మళ్ళీ కడిగింది. ఫ్లాస్కు పోస్టులో పంపాలా, ఫెర్న్ కొడుకు చేత పంపాలా అని ఆలోచించింది. పంపేటప్పుడు అందులో కాఫీ పోయకూడదు కదా అనుకుంది. అక్కడ ఇక ఆపుకోలేక ఏప్రానుతో ముఖం కప్పుకుంది.

గంట దాటింది. తలుపు తట్టిన చప్పుడైంది.

హోబర్ట్ నిలబడి ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని, సరిగ్గా మొదటిసారి నిలబడ్డట్టే. కాకపోతే ఈసారి మోకాళ్ళ దాకా బురద, ఇస్త్రీ చొక్కాకి ఎండాకులు. చేతిలో ఒకటి కాదు, రెండు కాగితాలున్నాయి.

"లోపలికి రావచ్చాండీ?"

ఆమె తల ఊపింది. ఆయన బూట్లు విప్పి గుమ్మంలో పెట్టి, మేజోళ్ళతో వచ్చి కూర్చున్నాడు.

"బర్క్‌హార్ట్ గారింటికి వెళ్ళొచ్చాను. అడగాల్సినవాణ్ణి అడగలేదు గదా, ఇప్పుడైనా అడుగుదామని. జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను. ఆయన అదో రకంగా చూసి, చెప్పులేసుకుని, నాతో రా అన్నాడు. ఇద్దరం కంచె దాటాం. జంట ఓక్ దాటాం. ఇంకో పన్నెండు అంగలు వేసి ఆయన కర్రతో ఆకులు పక్కకి తోశాడు." హోబర్ట్ రెండు వేళ్ళు అడ్డంగా, నిలువుగా పెట్టి చూపించాడు. "రాయండీ. ఇంత ఉంది. పైన ఉలితో చెక్కిన శిలువ గుర్తు."

లువెల్లా బల్ల అంచు పట్టుకుంది.

"మీవారు పోయిన మూడో ఏడు, పడిపోయిన చెట్టు లాగుతుంటే కనబడిందిట. మీతో చెబుదామంటే మీరు మాట్లాడరు. ఎవరిచేతైనా చెప్పిద్దామంటే ఊళ్ళో తలెత్తుకోలేనని భయం. నన్ను అక్కణ్ణుంచి తరిమేద్దామంటే, వార్డెన్ని పిలవాలి. వార్డెన్ వస్తే కొలతలవాళ్ళు వస్తారు. వాళ్ళొస్తే రాయి బయటపడుతుంది. అందుకని ఇరవై ఏళ్ళూ వరండాలో కూర్చుని నేను శాండ్‌విచ్ తినడం చూస్తూ ఊరుకున్నాట్ట. నిన్న మీతో ఆ మాటే చెప్పబోతే, మీరు పై ఎత్తుకుని వెళ్ళిపోయారుట."

"కార్ల్," అంది లువెల్లా. పైకే అంది. ఆ ఒక్క పేరూ అని నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో ఆమెకే తెలియలేదు. పదమూడు వేసవులు కార్ల్ గునపం పట్టుకుని ఆకుల్లో వెతికాడు. పన్నెండు అంగల్లో ఉంది.

హోబర్ట్ ఆమె తేరుకునేదాకా కేకు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక కాగితం ముందుకి జరిపాడు. దాని మీద క్లెటస్ కొక్కిరిబిక్కిరి రాత: *రాయికి అవతల నాది, కూర్చోవచ్చు. ఓక్ నాది కాదు. ఓక్ దగ్గర కూర్చోవాలంటే లువెల్లాని అడుగు.*

"చూశారుగా," అన్నాడు హోబర్ట్. "ఇరవై రెండేళ్ళూ నేను కూర్చుంది మీ నేల మీదేనండీ. కష్టపడి అన్నేళ్ళు అబద్ధమాడారు, అదైనా సరిగ్గా ఆడలేకపోయారు."

"మీకు కోపం పోయిందా?"

"పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన కేకు తింటే ఎంత పోతుందో చూడాలి."

ఆమె ప్లేటు ఆయన ముందుకి తోసింది. రెండో కాగితం తన ముందుకి లాక్కుంది. యజమాని అన్న గీత మీద పేరు రాసేటప్పుడు ఈసారి చెయ్యి వణికింది. అబద్ధం ఆడిన ఏ ఏడూ వణకలేదు, నిజానికి వణికింది. దాని కింద "గడువు" అని ఇంకో గీత ఉంటుంది. ఏటా అక్కడ వారం రోజులని రాసేది. కలం నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, ఏదో రాసి, ఆయన చదవకుండా మడిచి ఇచ్చేసింది. హోబర్ట్ విప్పలేదు. ఇచ్చిన చీటీని ఇచ్చినవాళ్ళ ముందు విప్పి చూసే రకం కాదు ఆయన.

"ఇంకో మాట కూడా చెప్పమన్నాడు బర్క్‌హార్ట్," అన్నాడు లేస్తూ. "గుమ్మం దాకా వచ్చిన పై వెనక్కి పోవడం కంటే ఇరవై మూడేళ్ళు పలకరింపుల్లేకపోవడమే నయమట."

"రేపు మధ్యాహ్నం సూపుకి రమ్మనండి ఆ మొండిముఖాన్ని. పై అలాగే ఉంది."

సోమవారం పన్నెండింటికి వంటింట్లో నలుగురయ్యారు. క్లెటస్ గడ్డం గీసుకుని వచ్చాడు, రెండు చోట్ల తెగింది. పలకరింపుగా ఒక మాట ఆలోచించుకుని వచ్చినట్టున్నాడు గానీ, గుమ్మంలో అది మర్చిపోయి, "చలిగా ఉంది," అన్నాడు. "తలుపు వేస్తే తగ్గుతుంది," అంది లువెల్లా. అంతటితో ఇరవై మూడేళ్ళ వైరం తీరిపోయింది. నాలుగో మనిషి వార్డెనమ్మ. హోబర్ట్‌ని అడవిలో ఆపి చీటీ అడిగితే, రెండు చీటీలూ లోపల కోటులో ఉన్నాయమ్మా, చేతులు కొంకర్లు పోతున్నాయి, ఆ ఇంట్లో చూపిస్తానని ఆయనే వెంటబెట్టుకొచ్చాడు. తుపాకీ గొట్టం తెరిచి, తూటా తీసేసి, ట్రక్కులో సంచీలో పెట్టేశాడు. ఆ పిల్ల అదంతా కళ్ళతో చూసి మరీ లోపలికొచ్చింది.

"నా ఫోన్లో గీత సరిగ్గా ఆ చెట్టు మధ్యలోంచి పోతోందండీ," అంది ఫోను తిప్పి తిప్పి చూస్తూ. "ఓక్‌లో సగం ఈయనది, సగం ఈవిడదిట. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఫోన్ని నమ్మకమ్మా," అన్నాడు క్లెటస్ సూపులో రొట్టె ముంచుకుంటూ. "రాయి నేను చూపిస్తా."

ఆ పిల్ల క్లెటస్ చీటీ చదివింది, సరేనంది. లువెల్లా చీటీ విప్పింది. కనుబొమలు ముడిచింది. మళ్ళీ చదివింది.

"అమ్మగారూ, గడువు దగ్గర తేదీ ఉండాలండీ. మీరు 'ఇంట్లో కాఫీ ఉన్నన్నాళ్ళు' అని రాశారు."

హోబర్ట్ చెంచా గిన్నెలో ఆగిపోయింది. క్లెటస్ గట్టిగా దగ్గాడు, సూపు గొంతుకడ్డం పడి కాదు. లువెల్లా ముఖం కందగడ్డలా అయిపోయింది గానీ వెనక్కి తగ్గలేదు.

"అవును. అలాగే రాశాను."

"అంటే ఎప్పటిదాకా అని నోట్ చేసుకోనండీ?"

లువెల్లా కెటిల్ నిండా నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టింది. అప్పుడు హోబర్ట్ వైపు తిరిగింది.

"ఆ టోపీ మోకాలి మీద పెట్టుకుని తింటే సూపు పడుతుంది. ఆ మేకుకి తగిలించండి."

హోబర్ట్ ఆమెని చూశాడు, మేకుని చూశాడు. లేచి, తలుపు దాకా నడిచి, టోపీ తగిలించి, అది పడిపోకుండా ఉందో లేదో ఒకసారి చేత్తో సరిచూసుకుని, వచ్చి కూర్చున్నాడు. వార్డెనమ్మ తన పుస్తకంలో ఏదో రాసుకుని, చీటీ తిరిగిచ్చేసి, ఇంకో రొట్టె ముక్క అందుకుంది.